వెల్‌నెస్ క్లినిక్‌లో మూత్రం, ఉమ్మి పరీక్షలు: ముందుగా ఎలా సిద్ధం కావాలి?

ప్రశ్న: కాకినాడ టీచరు

అందరికీ నమస్కారం. నా వయసు 43 ఏళ్ళు. కాకినాడ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ఎనిమిది నెలలుగా విపరీతమైన నీరసంగా ఉంటోంది. మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడుకు బోర్డు దగ్గర నిలబడలేకపోతున్నాను, రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటే రెండింటికల్లా మెలకువ వచ్చేస్తోంది, తిండి పెరగకపోయినా పొట్ట దగ్గర బరువు పెరిగింది. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించగా అన్నీ సరిగానే ఉన్నాయన్నారు.

తెలిసినవారు చెప్పగా విశాఖపట్నంలోని ఒక వెల్‌నెస్ క్లినిక్‌కు వెళ్ళాను. వారు ఒకే రోజులో నాలుగుసార్లు ఉమ్మి, 24 గంటల మూత్రం, ఆ మరునాటి ఉదయం చిన్న డబ్బాలో విడిగా మూత్రం తెమ్మని ఒక కిట్ ఇచ్చారు. అందులో దూది చుట్టలున్న నాలుగు గొట్టాలు, పెద్ద క్యాన్ ఒకటి, చిన్న డబ్బా ఒకటి ఉన్నాయి. ఎలా తీయాలో చెప్పే కాగితం మాత్రం సగం పేజీయే ఉంది. నాకు అర్థం కాని విషయాలు అందులో రాసినవాటికంటే ఎక్కువగా ఉన్నాయి.

నేను రాత్రిళ్ళు అశ్వగంధ మాత్ర, జుట్టు రాలకుండా బయోటిన్ వేసుకుంటాను. గొంతు అరిగిపోయే ఉద్యోగం కాబట్టి మా అత్తగారు కాచి ఇచ్చే అతిమధురం కషాయం వారానికి నాలుగైదు రోజులు తాగుతాను. చేతి మీద తామరకు చర్మ వైద్యులు రాసిన క్రీము కూడా ఉంది. వీటిలో ఏవి ఆపాలి, ఎన్నాళ్ళ ముందు ఆపాలి? కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటాను, ఆ రోజు పరీక్షకు పనికివస్తుందా? నెలసరి దగ్గరపడితే వాయిదా వేయాలా? మూత్రం క్యాన్‌ను విశాఖ వరకు రైలులో తీసుకువెళితే పాడవుతుందా? అనుభవమున్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు 1: శాంపిల్ కౌంటర్

నమస్కారం టీచరు గారూ. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ను. ఇరవై రెండేళ్ళుగా శాంపిళ్ళు తీసుకునే కౌంటర్‌లోనే పని చేస్తున్నాను. పరీక్ష తప్పుగా వచ్చిందని మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది విషయంలో యంత్రం తప్పు ఉండదు, ఇంట్లో శాంపిల్ తీసిన తీరులోనే పొరపాటు ఉంటుంది. అందుకే మీరు ముందుగా అడగడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ముందుగా ఉమ్మి సంగతి చెబుతాను, ఎందుకంటే తేలికగా కనిపించి ఎక్కువగా చెడిపోయేది అదే. మీరు చెప్పిన లక్షణాలనుబట్టి వారు చూడబోయేది మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అయి ఉంటుంది. ఈ హార్మోను నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటలో బాగా పెరిగి, రోజంతా తగ్గుతూ వచ్చి, అర్ధరాత్రికి అట్టడుగుకు చేరుతుంది. కాబట్టి గొట్టం మీద రాసే సమయం కూడా శాంపిల్‌లో భాగమే. ఉదయం ఏడింటికి తీసి ఎనిమిది అని రాస్తే ఆ సంఖ్యకు అర్థం మారిపోతుంది. నాలుగు గొట్టాల మీదా తేదీ, సమయం అప్పటికప్పుడే రాయండి, రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాయవద్దు.

ఉదయం శాంపిల్ తీసేవరకు పళ్ళు తోమవద్దు, కాఫీ తాగవద్దు. మిగిలిన మూడుసార్లూ శాంపిల్‌కు ముందు కనీసం అరగంటపాటు ఏమీ తినకుండా, తాగకుండా ఉండండి, మీ కిట్‌లో గంట అని ఉంటే గంటే పాటించండి. నోటిని మంచినీళ్ళతో పుక్కిలించి పది నిమిషాలు ఆగండి, లేకపోతే ఆ నీళ్ళే దూదిలోకి ఎక్కుతాయి. లిప్‌స్టిక్, వక్కపొడి, సోంపు వద్దు. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకున్నాక గొట్టం మూత తీసి, దూదిని వేళ్ళతో తాకకుండా గొట్టాన్ని వంచి నేరుగా నోట్లో పడేట్టు చేసుకోండి. నాలుకతో అటూ ఇటూ దొర్లిస్తూ సుమారు రెండు నిమిషాలు ఉంచండి. దూది మెత్తబడి, బరువెక్కి, ఇక ఉమ్మి పట్టనంతగా అనిపించాలి. అప్పుడు దాన్ని అలాగే గొట్టంలోకి వదిలి మూత బిగించండి. నోరు ఊరడం లేదని నిమ్మకాయ, ఉసిరికాయ చప్పరించేవారు ఉంటారు, ఆ పులుపు పరీక్షను చెడగొడుతుంది. ఇంట్లో కొత్తావకాయ జాడీ ఉంటే దాన్ని తలచుకోండి చాలు.

దూది మీద గులాబీ రంగు కనిపిస్తే ఆ శాంపిల్‌ను పంపవద్దు. రక్తంలో కార్టిసాల్ ఉమ్మిలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది కాబట్టి చిగుళ్ళ నుంచి ఒక్క చుక్క కలిసినా ఫలితం పెరిగిపోతుంది. చిగుళ్ళ వాపు ఉన్నా, పన్ను తీయించుకుని ఉన్నా అది మానే దాకా ఆగడం మంచిది.

ఇక 24 గంటల మూత్రం. పడుకునే ముందు తీసేది ఎలాగూ క్యాన్‌లోకి వస్తుంది, కానీ మొదటిరోజు పొద్దున్నే వచ్చే మూత్రం రాకూడదు. ఉదాహరణకు ఆదివారం ఉదయం ఆరింటికి లేచి మూత్రానికి వెళ్ళి, దాన్ని వదిలేసి, గడియారం చూసి ఆరు అని రాసుకోవాలి. ఆ క్షణం నుంచి వచ్చిన ప్రతి బొట్టూ క్యాన్‌లోకి వెళ్ళాలి, మలవిసర్జన సమయంలో వచ్చేదాన్ని కూడా ముందే విడిగా పట్టాలి. సోమవారం ఉదయం సరిగ్గా ఆరింటికి మళ్ళీ వెళ్ళి, దాన్ని కూడా క్యాన్‌లో పోస్తే లెక్క పూర్తవుతుంది. నేరుగా క్యాన్‌లోకి పోయకుండా, సబ్బు జాడ లేకుండా కడిగి ఆరబెట్టిన వెడల్పు మూతి మగ్గులో పట్టి పోయండి. క్యాన్ అడుగున ద్రవంగానీ పొడిగానీ ఉంటే అది నిల్వ కోసం వేసినది, కడిగేయవద్దు. కొన్ని పరీక్షలకు అందులో ఆమ్లం వేస్తారు, చర్మం మీద పడితే కాలుతుంది, పిల్లలకు అందనివ్వకండి.

ఆ రోజు మధ్యలో ఒక్కసారి మరిచిపోయి బాత్‌రూమ్‌లో వదిలేసినా మాకు నిజం చెప్పండి. మేము మూత్రంలో క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థాన్ని కొలుస్తాము. అది మనిషి కండరాలనుబట్టి రోజుకు దాదాపు ఒకే మోతాదులో వస్తుంది, ఆడవారిలో సాధారణంగా కిలో బరువుకు 15 నుంచి 20 మిల్లీగ్రాములు. అంతకు బాగా తగ్గితే మూత్రం పూర్తిగా పట్టలేదని అర్థమవుతుంది. మళ్ళీ కొత్త క్యాన్‌తో మొదలుపెట్టడమే మేలు. నీళ్ళు మీరు రోజూ తాగినన్నే తాగండి. రోజుకు 5 లీటర్లు దాటితే మూత్రంలో కార్టిసాల్ ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది.

మరునాటి చిన్న డబ్బా వేరే పరీక్షకు. శుభ్రంగా కడుక్కుని, మొదట వచ్చేదాన్ని వదిలి, మధ్యధారను పట్టాలి. దానిని గంట, రెండు గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి, కుదరకపోతే ఫ్రిజ్‌లో ఉంచాలి. బయట ఉంచిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరిగి యూరియాను విడగొట్టడంతో మూత్రం క్షారంగా మారుతుంది, కణాలు కూడా చెదిరిపోతాయి. అయితే క్యాన్‌లోకి చివరిగా పోసే ఉదయం ఆరింటి మూత్రం, ఈ డబ్బా ఒకదానికొకటి అడ్డు రాకుండా వారినే అడగండి. కొన్ని ల్యాబ్‌లు క్యాన్ లెక్క పూర్తయ్యాక వచ్చే తర్వాతి మూత్రాన్ని డబ్బాలో పట్టమంటాయి.

నెలసరి రోజుల్లో మూత్రం పరీక్ష చేయించవద్దు. రక్తం కలిస్తే ప్రోటీన్, ఎర్రకణాలు లేనిపోని అనుమానం రేపుతాయి. అది పూర్తిగా ఆగిన తర్వాత మొదలుపెట్టండి.

జవాబు 2: అమ్మ కోసం రాస్తున్నాను

టీచరు గారూ, పై జవాబులో ఒక్క మాటా వదలకండి. మా అమ్మకు మూడేళ్ళ క్రితం ఇదే 24 గంటల పరీక్ష రెండుసార్లు పనికిరాకుండా పోయింది. మూడోసారి మాత్రమే సరిగా వచ్చింది. ఆ రెండు క్యాన్‌లూ ఎందుకు పాడయ్యాయో చెబితే మీకు ఉపయోగపడుతుంది.

మొదటిసారి అమ్మ తొలి మూత్రాన్ని కూడా క్యాన్‌లో పోసేసింది. ల్యాబ్ వారు ఇచ్చిన కాగితంలో వదిలేయమని ఉన్నా, అంత ముఖ్యమైన పరీక్షకు పొద్దున్న వచ్చేదే అసలైనది కదా అని అమ్మ అనుకుంది. ఆమె ఆలోచన తప్పేమీ కాదు, ఎందుకు వదలాలో ఎవరూ చెప్పలేదు. ఆ మూత్రం రాత్రంతా తయారైనది, అంటే ముందురోజు లెక్కలోది. దాన్ని కలిపితే 24 గంటలకు బదులు 30 గంటలు దాటిన మూత్రం పోగవుతుంది. ఈ మాట నేనే ఆమెకు విడమరిచి చెప్పి ఉంటే ఆ రోజు వృథా అయ్యేది కాదు.

రెండోసారి ఇబ్బంది మా వంటింట్లో వచ్చింది. క్యాన్‌ను చల్లగా ఉంచాలి. మా ఫ్రిజ్‌లో పాలు, పెరుగుతోపాటు నైవేద్యానికి పెట్టే పళ్ళు కూడా ఉంటాయి. అమ్మ మడి పాటించే మనిషి. ఎంత చెప్పినా ఆ క్యాన్‌ను ఫ్రిజ్‌లో పెట్టలేకపోయింది, ఎవరితోనూ చెప్పకుండా మే నెల ఎండలో బాల్కనీలో గోనెసంచి కప్పి పెట్టింది. సాయంత్రానికి దాని వాసనే మారిపోయింది. మూడోసారి నేను చేపల మార్కెట్ పక్కన అమ్మే థర్మాకోల్ పెట్టె కొని, ఐసు ముక్కలు పాలిథిన్ సంచిలో కట్టి, క్యాన్ దాని మధ్యలో నిలబెట్టి స్నానాలగది పక్కన పెట్టాను. ఆరు గంటలకోసారి ఐసు మార్చాను. అమ్మ మనసుకు కష్టం కలగలేదు, పరీక్షా చెడలేదు. మీ అత్తగారు ఇంట్లో ఉన్నారన్నారు కాబట్టి ఈ విషయం ముందే మాట్లాడుకోండి.

ఇంకొక చిన్న సంగతి. క్యాన్ మీద స్కెచ్ పెన్‌తో రాసిన పేరు చెమ్మకు చెరిగిపోతుంది. మామూలు బాల్‌పెన్నుతో కాగితం మీద రాసి, మీద పారదర్శకమైన టేపు అంటించండి. బాత్‌రూమ్ తలుపు గడియకు ఎర్ర రిబ్బను కట్టాను, లోపలికి వెళ్ళే ముందు అది చేతికి తగిలి మగ్గు గుర్తొచ్చేది.

జవాబు 3: బయోకెమిస్ట్రీ మాస్టారు

నేను వైద్య కళాశాలలో బయోకెమిస్ట్రీ బోధించి రిటైరయ్యాను. శాంపిల్ తీయడం గురించి ఇద్దరూ చాలా బాగా చెప్పారు. మీరు వాడుతున్నవాటి గురించి, ఈ పరీక్షల వల్ల ఏమి తెలుస్తుందో, ఏమి తెలియదో నేను రాస్తాను.

అమ్మా, మీ జాబితాలో నన్ను అన్నింటికంటే ఆలోచింపజేసింది అతిమధురం. దాన్ని ఎవరూ మందుగా లెక్కపెట్టరు కాబట్టి డాక్టరుకు చెప్పరు. లాలాజల గ్రంథులలో కార్టిసాల్‌ను కార్టిసోన్‌గా మార్చే ఒక ఎంజైము ఉంటుంది. అతిమధురంలోని గ్లిసరైజిక్ ఆమ్లం ఆ ఎంజైమును అణచివేస్తుంది. అప్పుడు ఒంట్లో కార్టిసాల్ మామూలుగానే ఉన్నా, ఉమ్మిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఎక్కువకాలం వాడితే రక్తపోటు పెరగడం, పొటాషియం తగ్గడం, కండరాల నీరసం కూడా రావచ్చు. మీ నీరసానికి కారణం అదేనని నేను అనడం లేదు గానీ, మీ రక్తపోటు, పొటాషియం ఒకసారి చూపించుకోండి. కషాయాన్ని పరీక్షకు కనీసం రెండు వారాల ముందే ఆపండి. అత్తగారికి కారణం చెప్పండి, అల్లం, మిరియాలతో కాచి ఇస్తారు.

చేతి క్రీములో స్టెరాయిడ్ ఉందేమో పేరు చూసి నిర్ధారించుకోవాలి. తామరకు రాసేవాటిలో చాలావరకు ఉంటుంది. హైడ్రోకార్టిసోన్ అంటే కార్టిసాలే, అది వేలికి అంటి గొట్టం మూత మీద పడినా ఫలితం ఆకాశాన్నంటుతుంది. ఇంట్లో మరెవరికైనా ఆ క్రీము రాసిన చేతులతోనూ శాంపిల్ ముట్టుకోకూడదు. మరోవైపు, చర్మం ద్వారా లోపలికి వెళ్ళిన బలమైన స్టెరాయిడ్ మీ సొంత కార్టిసాల్‌ను తగ్గించగలదు. స్టెరాయిడ్ ఉన్న ఆస్తమా ఇన్‌హేలర్లు, కీళ్ళలోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, ముఖం తెల్లబడటానికి దుకాణాలలో అమ్మే కొన్ని క్రీములు, కీళ్ళ నొప్పులకు పొట్లాలలో అమ్మే కొన్ని పొడులు కూడా ఇదే పని చేయగలవు. ఆ పొడులలో డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు రహస్యంగా కలిపిన సందర్భాలు మన దేశంలో బయటపడ్డాయి. అయితే స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలంగా వాడుతున్నవారు పరీక్ష కోసం వాటిని తమంతట తాము ఆపితే ప్రాణానికే ముప్పు. మీ క్రీము విషయంలో కూడా రాసిన డాక్టరునే అడగండి.

బయోటిన్ కొన్ని యంత్రాలలో హార్మోను పరీక్షలను పైకిగానీ కిందికిగానీ తప్పుదారి పట్టిస్తుంది. ఈ విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరిక జారీ చేసింది. జుట్టు కోసం అమ్మే మాత్రలలో అది మన రోజువారీ అవసరానికి వందల రెట్లు ఉంటుంది. మీ థైరాయిడ్ పరీక్ష నాటికి మీరు బయోటిన్ వేసుకుంటున్నారా అన్నది గుర్తు తెచ్చుకోండి, వేసుకుంటూ ఉంటే దాన్ని కొన్ని రోజులు ఆపి ఆ పరీక్షను మళ్ళీ చేయించడం సమంజసం. అశ్వగంధ కూడా కార్టిసాల్‌ను మార్చగలదు. ఇవి రెండూ ఎన్నాళ్ళు ఆపాలో క్లినిక్‌ను లిఖితంగా అడగండి. ఒకవేళ ఆపకపోయినా, వేసుకుంటున్నట్టు ఫారం మీద రాయండి.

ఉపవాసం రోజు వద్దు. తిండి, నిద్ర, శ్రమ మామూలుగా ఉండే రోజే మీ శరీరానికి సాక్ష్యం చెబుతుంది. పరీక్ష కదా అని ఆ రోజు ప్రత్యేకంగా పళ్ళరసాలు తాగి, ధ్యానం చేసి, తొందరగా పడుకుంటే మీరు మరొక మనిషి శాంపిల్ ఇచ్చినట్టే. జ్వరం వచ్చిన వారంలో, పెళ్ళి పనుల్లో, పరీక్ష పేపర్లు దిద్దుతూ రాత్రిళ్ళు మేలుకున్న రోజుల్లో కూడా చేయించవద్దు.

ఇక ఈ పరీక్ష ఎందుకన్నది ప్రశాంతంగా ఆలోచించండి. కార్టిసాల్ మితిమీరి తయారయ్యే కుషింగ్స్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బును పసిగట్టడానికి రాత్రి ఉమ్మి పరీక్ష, 24 గంటల మూత్ర పరీక్ష నిజంగా మంచి సాధనాలు. అమెరికాలోని హార్మోన్ల నిపుణుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2008లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇవి రెండూ ఉన్నాయి. ఒక్క ఫలితాన్ని నమ్మకుండా, వీటిని కనీసం రెండేసిసార్లు చేయమని కూడా అందులోనే ఉంది. పొట్ట మీద వెడల్పైన ఊదారంగు చారలు, చిన్న దెబ్బకే కమిలిపోవడం, కింద కూర్చుంటే చేతి ఊతం లేకుండా లేవలేకపోవడం, కొత్తగా రక్తపోటు రావడం ఇందులో కనిపిస్తాయి. ఇవి ఉంటే వెల్‌నెస్ క్లినిక్‌లో ఆలస్యం చేయకుండా ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల వైద్యుల దగ్గరికి వెళ్ళండి.

నాలుగుసార్ల ఉమ్మి తీసి గీత గీసి, మీకు అడ్రినల్ అలసట ఉంది అని చెప్పి ఆరు నెలల మాత్రల పెట్టె ఇస్తే మాత్రం ఒప్పుకోవద్దు. అటువంటి జబ్బును ఎండోక్రైన్ సొసైటీ గుర్తించలేదు. 58 అధ్యయనాలను పరిశీలించి 2016లో వెలువడిన ఒక సమీక్ష కూడా దానికి ఆధారం లేదనే తేల్చింది. నిజంగా అడ్రినల్ గ్రంథులు పనిచేయని ఎడిసన్స్ జబ్బు వేరు, దానికి రక్త పరీక్షలు వేరు. అలాగే కాగితపు పట్టీతో ఉమ్మి పీహెచ్, మూత్రం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే సంఖ్య) చూసి ఒళ్ళు ఆమ్లంగా మారిందని చెబితే నమ్మకండి. మూత్రం పీహెచ్ తిన్న తిండినిబట్టి 4.5 నుంచి 8 వరకు మారుతూనే ఉంటుంది. రక్తం పీహెచ్‌ను ఊపిరితిత్తులు, మూత్రపిండాలు 7.35, 7.45 మధ్యనే పట్టి ఉంచుతాయి.

చివరగా, క్యాన్‌ను పరీక్షించేది ఏ ల్యాబో, దానికి ల్యాబ్‌ల నాణ్యతను పరిశీలించే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందో లేదో, అదీ ముఖ్యంగా ఈ పరీక్షలకు ఉందో లేదో అడగండి. క్లినిక్‌లు చాలాసార్లు శాంపిల్‌ను మరొక చోటికి పంపుతాయి.

ప్రశ్న వేసినవారి జవాబు: కాకినాడ టీచరు

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న సాయంత్రం క్లినిక్‌కు ఫోన్ చేసి ఈ ప్రశ్నలన్నీ చదివి వినిపించాను. శాంపిళ్ళను వారు హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌కు పంపుతారట. ఆ ల్యాబ్‌కు కాకినాడలోనే కలెక్షన్ సెంటర్ ఉందని నాకు అప్పుడే తెలిసింది, కాబట్టి క్యాన్‌ను రైలెక్కించే పని తప్పింది. అతిమధురం గురించి అడిగితే ఆ అమ్మాయి డాక్టరును కనుక్కుని మళ్ళీ ఫోన్ చేసి, మూడు వారాలు ఆపి రమ్మంది. బయోటిన్ వారం ముందు ఆపమన్నారు. థైరాయిడ్ పరీక్ష నాటికి నేను బయోటిన్ వేసుకుంటున్నాను, అది మళ్ళీ చేయిస్తాను. రక్తపోటు ఈ ఉదయం మా ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించుకుంటే 142/90 ఉంది. పోయిన ఏడాది 120 దాటలేదు. పొటాషియం కోసం రక్తం ఇచ్చాను. మా అత్తగారు కషాయం డబ్బాను తానే తీసి అటక మీద పెట్టారు, నా కోసం కాచినదే నాకు కీడు చేసిందేమోనని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే సముదాయించడం కష్టమైంది.

ఒక్క సందేహం మిగిలింది. చివరి ఉమ్మి శాంపిల్ రాత్రి పదకొండు, పన్నెండు మధ్య తీయమని కాగితంలో ఉంది. నేను తొమ్మిదిన్నరకే పడుకుంటాను. అలారం పెట్టుకుని లేవాలా?

జవాబు: బయోకెమిస్ట్రీ మాస్టారు

లేవవద్దమ్మా. ఉలిక్కిపడి లేచిన మనిషిలో కార్టిసాల్ పెరుగుతుంది. మీరు రోజూ పడుకునే వేళకే, మంచం మీద కాసేపు కదలకుండా కూర్చుని తీయండి. గొట్టం మీద తీసిన సమయం రాసి, పక్కనే రోజూ పడుకునే వేళ తొమ్మిదిన్నర అని కూడా రాయండి. సెంటర్‌లో గొట్టాలు ఇచ్చేటప్పుడు ఆ మాట నోటితో కూడా చెప్పండి. 142/90 ఒక్కసారి చూసినది కాబట్టి ఈ వారంలో మరో రెండు రోజులు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూపించుకోండి. పొటాషియం ఫలితం రాగానే, తక్కువగా ఉంటే ఈ మూడు వారాలు గడిచేదాకా ఆగకుండా, అదే రోజు ఫిజీషియన్‌కు చూపించండి.